సగటు వాన ఎవరి పొలంలో కురుస్తుంది?

(రేడియో ప్రసంగ పాఠం)

ఇవాళ మనం వాన లెక్కల గురించి మాట్లాడుకుందాం. లెక్కలు అనగానే రేడియో కట్టేయకండి. పదో తరగతిలో చదువుకున్న సగటు, మధ్యగతం లీలగా గుర్తుంటే చాలు, మిగతాది నేను చూసుకుంటాను.

జూన్ నెల వచ్చిందంటే ఇక్కడ హ్యూస్టన్ చుట్టుపక్కల ఉన్న మన వాళ్ళ ఫోన్లలో ఒక ప్రశ్న తప్పకుండా వినబడుతుంది. "అక్కడ వానలెలా ఉన్నాయి నాన్నా?" అవతల నించి వచ్చే జవాబు చాలాసార్లు పేపర్లో చదివినదానికి పొసగదు. పేపరేమో ఈ ఏడు వర్షాలు మామూలేనంటుంది. నాన్నగారేమో దుక్కి తడవలేదు, విత్తనం మొలవలేదు అంటారు. ఇద్దరిలో ఎవరు అబద్ధం చెబుతున్నారు? ఎవరూ కాదు. వాళ్ళిద్దరూ రెండు వేర్వేరు వానల గురించి మాట్లాడుతున్నారు, అంతే.

ఇది తీరిక వేళ చర్చ మాత్రమే అయితే ఫరవాలేదు. కాని ఈ సంభాషణ వెనకాల డబ్బుంది. రెండోసారి విత్తనానికి డబ్బు పంపాలా? నాలుగో బోరు వేయించాలా? కౌలుకిచ్చిన పొలానికి ఈ ఏడు కౌలు అడగాలా, మానాలా? ఇలాంటి నిర్ణయాలు పదివేల మైళ్ళ దూరాన కూచుని, ఒక శాతాన్ని చూసి తీసుకుంటున్నాం. ఆ శాతం అసలు ఏం చెబుతోందో, ఏం చెప్పడం లేదో తెలుసుకోవడం మంచిది కదా.

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని మన పెద్దల సామెత. ఈ రెండింటినీ ఒకే తాటికి కట్టడంలో ఒక విశేషం ఉంది. ప్రాణం పోకడ సంగతి తీసుకోండి. ఫలానా సుబ్బారావు ఎప్పుడు పోతాడో ఎవరూ చెప్పలేరు. కాని వెయ్యిమంది సుబ్బారావుల్లో ఏ వయసులో సుమారు ఎంతమంది పోతారో చెప్పవచ్చు. తోకచుక్కకి తన పేరు తగిలించుకున్న ఎడ్మండ్ హేలీ 1693లోనే బ్రెస్లా నగరపు జననమరణాల చిట్టా చూసి అలాంటి పట్టిక తయారు చేశాడు. జీవిత బీమా వ్యాపారమంతా నడుస్తున్నది ఆ రకం పట్టికల మీదే. వాన రాకడ కూడా సరిగ్గా అలాంటిదే. వచ్చే గురువారం మీ ఊళ్ళో వాన పడుతుందా అని ఏప్రిల్‌లో అడిగితే జవాబు లేదు. పదేళ్ళలో ఎన్నేళ్ళు జులై మొదటి వారానికి విత్తే పదును దొరుకుతుంది అని అడిగితే జవాబుంది. ప్రశ్న మార్చి అడగడమే గణాంక శాస్త్రం చేసే పని.

ముందు ఆ పేపర్లో వచ్చే శాతం ఏమిటో చూద్దాం. జూన్ 1 నించి సెప్టెంబరు 30 దాకా నైరుతి రుతుపవనాల కాలం. ఈ నాలుగు నెలల్లో భారతదేశం మొత్తం మీద పడే వానని ఒకే అంకెగా కుదిస్తే, 1971 నించి 2020 వరకు యాభై ఏళ్ళ సగటు సుమారు 87 సెంటీమీటర్లు. భారత వాతావరణ శాఖ దీన్నే దీర్ఘకాల సగటు అంటుంది. అంతకు ముందు 1961 నించి 2010 వరకు లెక్కగట్టిన సగటు 88. అంటే "మామూలు" అన్నది కూడా రాతి మీద చెక్కిన మాట కాదు, ఏ యాభై ఏళ్ళు తీసుకున్నామన్న దాన్ని బట్టి మారుతుంది. ఈ సగటులో 96 నించి 104 శాతం మధ్య పడితే మామూలు వాన. 90 శాతం కంటె తక్కువైతే లోటు. 110 దాటితే అధికం.

ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో ఈ ఏడు ఎన్ని కుంచాల వాన, అందులో సముద్రం మీద ఎన్ని పాళ్ళు, కొండల మీద ఎన్ని పాళ్ళు, నేల మీద ఎన్ని పాళ్ళు అని చదువుతారు, గుర్తుందా? వాతావరణ శాఖ మొదటి అంచనా కూడా సుమారుగా ఆ రోజుల్లోనే, ఏప్రిల్‌లో వస్తుంది. పంచాంగం వాడు కనీసం వానని మూడు చోట్లకి పంచి చెబుతాడు. దేశం మొత్తానికి ఒకే శాతం చెప్పినప్పుడు ఆ పాటి పంపకం కూడా అందులో ఉండదు.

సరే, సగటు తెలిసింది. తరువాతి ప్రశ్న: సగటు చుట్టూ ఊగిసలాట ఎంత? దీన్ని కొలిచే బద్దని మన పాఠ్య పుస్తకాల్లో క్రమ విచలనం అంటారు, ఇంగ్లీషులో చదువుకున్న వాళ్ళు స్టాండర్డ్ డీవియేషన్ అంటారు. ప్రతి ఏడూ వాన సగటుకి ఎంత దూరంలో ఉందో చూసి, ఆ దూరాలని కుదించి చెప్పే అంకె ఇది. భారతదేశపు నైరుతి వానకి ఈ అంకె సగటులో సుమారు 10 శాతం. గంట ఆకారపు వక్రరేఖ గుర్తుంటే, మూడింట రెండు వంతుల ఏళ్ళు సగటుకి అటూ ఇటూ ఒక క్రమ విచలనం లోపలే ఉంటాయి. అంటే 90కీ 110కీ మధ్య. లోటు, అధికం అన్న గీతలు దాదాపు అక్కడే పడ్డాయని గమనించండి. మిగిలిన మూడో వంతుని రెండుగా పంచితే, ఆరేళ్ళకొకసారి లోటు, ఆరేళ్ళకొకసారి అధికం అన్నమాట. 2002లో 81 శాతం, 2009లో 78 శాతం, 2014లో 88, 2015లో 86. ఇవి లోటు ఏళ్ళు. 2019లో 110 శాతం పడింది.

ఇక్కడ ఒక అపోహ తీర్చుకోవాలి. వరసగా రెండేళ్ళు కరువొచ్చింది కాబట్టి మూడో ఏడు తప్పకుండా పండుతుందని మన వాళ్ళు అప్పు చేసి పెట్టుబడి పెడతారు. నూట యాభై ఏళ్ళ రికార్డు చూస్తే, దేశపు మొత్తం వానలో ఒక ఏడాదికీ మరుసటి ఏడాదికీ చెప్పుకోదగ్గ సంబంధం కనబడదు. వానకి బాకీ తీర్చే అలవాటు లేదు. 1965, 1966 రెండూ కరువు సంవత్సరాలే. 2014, 2015 కూడా అంతే. రెండుసార్లు బొమ్మ పడిన నాణేనికి మూడోసారి బొరుసు వెయ్యాలన్న మొహమాటం ఎలా ఉండదో వానకీ అలాగే ఉండదు.

పదిశాతం ఊగిసలాట అంటే పెద్దదేమీ కాదనిపిస్తుంది. కాని ఈ పదిశాతం దేశం మొత్తానిది, మీ మండలానిది కాదు. చిన్న చోటుకి వెళ్ళినకొద్దీ ఊగిసలాట పెరుగుతుంది. ఎందుకంటారా? ఒక ఊళ్ళో ఎక్కువ పడిన రోజున పక్క ఊళ్ళో తక్కువ పడవచ్చు. రెండూ కలిపి సగటు తీస్తే ఎచ్చుతగ్గులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వానలు పడే 16 ఊళ్ళు ఉన్నాయనుకుందాం. ఒక్కొక్క ఊరిలో విచలనం 40 శాతం. పదహారింటి సగటు తీస్తే ఆ విచలనం 16కి వర్గమూలమైన నాలుగో వంతుకి, అంటే 10 శాతానికి దిగుతుంది. కాని అసలు దేశంలో వానమాపకాలు వేలల్లో ఉన్నాయి కదా, మరి విచలనం సున్నాకి ఎందుకు దిగలేదు? ఊళ్ళన్నిటి మీదా ఒకే రుతుపవనం వీస్తుంది కాబట్టి. ఎన్ని ఊళ్ళు కలిపినా కొట్టుకుపోకుండా మిగిలే ఆ పదిశాతమే అందరికీ ఉమ్మడి భాగం. ఏప్రిల్‌లో వాతావరణ శాఖ అంచనా కట్టాలని చూసేది ఈ ఉమ్మడి భాగాన్నే. మీ ఊరి సొంత భాగాన్ని కాదు.

సొంత భాగం ఎంత ఉంటుందో చూడాలంటే 2005 జులై 26న ముంబై సంగతి తలుచుకోండి. శాంతాక్రజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్లు పడింది. అదే నగరంలో దక్షిణపు కొసన ఉన్న కొలాబాలో అదే రోజు పడింది 74. ఒకే ఊరు, ఒకే రోజు, పన్నెండు రెట్లు తేడా. మీ పొలానికీ మండలాఫీసులో వానమాపకానికీ మధ్య అయిదారు మైళ్ళున్నప్పుడు నాన్నగారి మాటని కొట్టి పారేయకూడదని దీని సారాంశం.

ఇప్పుడు సగటు చేసే రెండో మోసం. లెక్క కోసం ఒక మెట్ట మండలాన్ని ఊహించుకుందాం. పదేళ్ళలో జులై నెల వాన, మిల్లీమీటర్లలో, తక్కువ నించి ఎక్కువకి ఇలా ఉందనుకోండి: 20, 30, 35, 40, 50, 60, 70, 85, 110, 300. మొత్తం 800. పదితో భాగిస్తే సగటు 80. మరి ఈ పదేళ్ళలో 80 మిల్లీమీటర్లు దాటినవి ఎన్ని? మూడే! పదింట ఏడేళ్ళు "సగటు కంటె తక్కువ" వానే. వరసలో నడిమధ్య ఉన్న మధ్యగతం చూస్తే 55. ఒక్క తుఫాను ఏడాదిలో కుమ్మరించిన 300 మిల్లీమీటర్లు సగటుని పైకి లాగేశాయి. ఆ ఏడాది పడ్డ నీరు చెరువు తెంపుకుని పోయి ఉంటుంది, అది ఏ వేరుశనగ మొక్కకీ ఉపయోగపడలేదు. సగటు లెక్కలోకి మాత్రం దర్జాగా ఎక్కింది. వాన తక్కువయ్యే చోట్ల ఈ వాలు ఎక్కువ. ఏడాది మొత్తానికి సుమారు 550 మిల్లీమీటర్లతో సరిపెట్టుకునే అనంతపురం లాంటి చోట సగటుని నమ్ముకుని పంట వేసేవాడు పదింట అయిదుసార్ల కంటె ఎక్కువే దెబ్బ తినవచ్చు. అందుకని మెట్ట సాగుకి అడగవలసింది సగటు కాదు. పదేళ్ళలో ఏడెనిమిదేళ్ళు ఖాయంగా అందే వాన ఎంత? పైన చెప్పిన మండలంలో అయితే పదింట ఎనిమిదేళ్ళు 35 మిల్లీమీటర్లకి తక్కువ కాకుండా పడింది. పెట్టుబడిని ఆ 35కి సరిపోయేట్టు చూసుకోవాలి, 80కి కాదు.

మూడో మోసం కాలానిది. 2023 చూడండి. జూన్‌లో సగటులో 91 శాతం పడింది. జులైలో 113. ఆగస్టులో 64 మాత్రమే. 1901 నించి ఉన్న రికార్డులో అంత పొడి ఆగస్టు లేదు. సెప్టెంబరులో మళ్ళీ 113. మొత్తం కూడితే 94 శాతం. పేపర్లో చూసేవాళ్ళకి కొంచెం తక్కువ, అంతే. ఆగస్టులో పూత మీదున్న పంటకి మాత్రం అది ప్రాణాంతకం. 2009 ఇంకా విచిత్రం. దేశం మొత్తానికి అది తీవ్రమైన కరువు ఏడాది. అదే ఏడాది సెప్టెంబరు ఆఖరు, అక్టోబరు మొదటి రోజుల్లో వచ్చిన వానకి కర్నూలు పట్టణం మునిగింది. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. నైరుతి ఖాతా సెప్టెంబరు 30న మూసేస్తారు, వానకి ఆ తారీఖు తెలియదు.

మన పెద్దలు నాలుగు నెలల మొత్తం ఎప్పుడూ చెప్పలేదని గమనించారా? కార్తెల ప్రకారం చెప్పారు. మృగశిర, ఆరుద్ర, పునర్వసు, పుష్యమి, ఆశ్లేష, మఖ, పుబ్బ. ఒక్కొక్కటీ పదమూడు, పద్నాలుగు రోజులు. కాలాన్ని పక్షం పక్షంగా ముక్కలు చేసి, ఏ ముక్కలో వాన పడితే ఏ పంటకి మేలో సామెతల్లో దాచుకున్నారు. అంకెలు లేని గణాంకాలు అవి.

ఇప్పుడు బెట్ట సంగతి. విత్తిన తరవాత పది రోజులు వాన మొహం చాటేస్తే మొలక మాడిపోతుంది. అలాంటి బెట్ట వచ్చే అవకాశం ఎంత? ఊహించిన లెక్కే ఒకటి చేద్దాం. వారంలో సగటున రెండు రోజులు వాన పడే చోటు ఉందనుకోండి. ప్రతి రోజూ నాణెం ఎగరేసినట్టు వేటికవే విడిగా నిర్ణయం అవుతాయనుకుంటే, పొడి రోజుకి అవకాశం ఏడింట అయిదు. రాబోయే పది రోజులూ పొడిగా ఉండడానికి ఆ భిన్నాన్ని పదిసార్లు గుణించాలి. నూటికి మూడున్నర వస్తుంది. అయితే వాన అలా పడదు. ముసురు పట్టిందంటే నాలుగు రోజులు వదలదు, వరపు వస్తే అదీ అంతే. నిన్న వాన పడితే ఇవాళ పడే అవకాశం సగం, నిన్న పొడిగా ఉంటే ఇవాళ పడే అవకాశం అయిదో వంతు అనుకుందాం. చిత్రమేమిటంటే ఇలా లెక్క కట్టినా సగటున వారానికి రెండు వాన రోజులే వస్తాయి. కాని ఇవాళ పొడిగా ఉంటే రాబోయే పది రోజులూ పొడిగా ఉండే అవకాశం ఇప్పుడు నూటికి దాదాపు పదకొండు! సగటు మారలేదు, బెట్ట మూడు రెట్లయింది. నిన్నటి స్థితిని బట్టి ఇవాళ్టి అవకాశం మారే ఈ పద్ధతిని మార్కోవ్ గొలుసు అంటారు. 1962లో గేబ్రియల్, న్యూమన్ అనే ఇద్దరు దీన్ని టెల్ అవీవ్ వానకి పెట్టి చూశారు. మన పటాన్‌చెరులో 1972లో వెలిసిన ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు కూడా ఇదే దారిలో మెట్ట ప్రాంతాలకి వారం వారం వాన అవకాశాలు లెక్క కట్టి పట్టికలు వేశారు.

ఇంతవరకు చెప్పుకున్నది గతాన్ని చదవడం. రాబోయే ఏడాదిని ముందే పసిగట్టే ప్రయత్నం కూడా గణాంకాలతోనే మొదలయింది, అదీ ఒక పెద్ద కరువు పుణ్యాన. మన వాళ్ళు ధాత కరువు అని చెప్పుకునే 1876-78 కరువు రాయలసీమని, మద్రాసు రాజధానిలో చాలా భాగాన్ని పీల్చి పిప్పి చేసింది. 1875లోనే స్థాపించిన వాతావరణ శాఖకి అధిపతి అయిన హెన్రీ బ్లాన్‌ఫర్డ్‌ని, రాబోయే వాన సంగతి ముందే చెప్పగలవా అని ప్రభుత్వం అడిగింది. హిమాలయాల మీద మంచు ఎక్కువ పడిన ఏడు వానలు తగ్గుతున్నాయని ఆయన కనిపెట్టి, 1886లో మొదటి అధికారిక అంచనా వేశాడు. కొన్నేళ్ళు బాగానే నడిచింది. 1899లో మళ్ళీ పెద్ద కరువొస్తే ముందుగా ఎవరూ చెప్పలేకపోయారు.

అప్పుడు 1904లో ఆ కుర్చీలోకి గిల్బర్ట్ వాకర్ వచ్చాడు. ఆయన వాతావరణం చదివినవాడు కాదు, కేంబ్రిడ్జి గణిత పరీక్షలో మొదటి స్థానం కొట్టిన వాడు. బూమరాంగులు విసరడం మీద మోజు కొద్దీ స్నేహితులు ఆయన్ని బూమరాంగ్ వాకర్ అనేవారట. 1913లో మద్రాసు వచ్చినప్పుడు ఒక గుమాస్తా రాసుకున్న లెక్కలు చూసి, ఇతనికి చదువుకునే వీలు కల్పించండని విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాసిన పుణ్యాత్ముడు కూడా ఈయనే. ఆ గుమాస్తా పేరు శ్రీనివాస రామానుజన్.

వాకర్ చేతిలో కంప్యూటరు లేదు, లెక్కలు చేసే గుమాస్తాలున్నారు. ప్రపంచంలో ఎక్కడెక్కడి వాయుపీడనాలూ, ఉష్ణోగ్రతలూ, వానలూ తెప్పించి, ఏది ఎక్కువైన ఏడు మన వాన తగ్గుతోంది, ఏది తగ్గితే పెరుగుతోంది అని జతలు జతలుగా సహసంబంధం లెక్క కట్టించాడు. సహసంబంధం అంటే రెండు విషయాలు కలిసి నడిచే తీరుని కొలిచే అంకె. పూర్తిగా చేతులు పట్టుకు నడిస్తే ఒకటి, సంబంధమే లేకపోతే సున్నా, పూర్తిగా ఎదురు నడిస్తే మైనస్ ఒకటి. ఈ వెతుకులాటలోనే పసిఫిక్ మహాసముద్రపు తూర్పు వైపు పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం వైపు తగ్గుతుందనీ, ఇది ఒక పెద్ద తక్కెడలా ఊగుతోందనీ తెలిసింది. 1924లో ఆయన దానికి దక్షిణ డోలనం అని పేరు పెట్టాడు. ఆ తక్కెడకీ, పెరూ తీరంలో సముద్రం వేడెక్కే ఎల్ నీన్యోకీ లంకె ఉందని 1969లో బ్యర్క్‌నెస్ చూపించాడు. మన వాన లెక్క చూడబోయి వాకర్ ప్రపంచపు వాతావరణంలో ఒక మూలస్తంభాన్ని పట్టుకున్నాడు.

వాకర్ చెప్పిన ఒక జాగ్రత్త మాత్రం తరవాతి వాళ్ళకి అంతగా తలకెక్కలేదు. వాతావరణంతో ఏ సంబంధం లేని వంద విషయాలు తెచ్చి వానతో జత కట్టి చూస్తే, కేవలం కాకతాళీయంగా అయిదారు జతలు గట్టి సంబంధంలా కనబడతాయి. వందమంది చేత నాణెం పదేసిసార్లు ఎగరేయిస్తే ఎవడికో ఒకడికి తొమ్మిదిసార్లు బొమ్మ పడుతుంది, అంతమాత్రాన వాడు మహిమ గలవాడు కాదు. అందుకని ఎన్ని వెతికావో లెక్కలో పెట్టుకుని, అప్పుడు సంబంధం నిజమా కాదా తేల్చమని 1914లోనే ఆయన కొలమానం ఇచ్చాడు.

1988లో పదహారు సూచికలతో కొత్త నమూనా వచ్చింది. దాదాపు ఏటా మామూలు వానే అంది, చాలావరకు నిజమయింది. అందరూ మెచ్చుకున్నారు. 2002లో 101 శాతం అంది, పడింది 81. జులైలో అయితే మామూలులో సగమే పడింది. ఏమయింది? 1988 నించి 2001 దాకా దేశంలో ఒక్క కరువు ఏడాది కూడా లేదు. ఆ పద్నాలుగేళ్ళలో దాదాపు ప్రతి ఏడూ ఏ లెక్కా లేకుండా "ఈ ఏడు మామూలే" అని గుడిమెట్ల మీద కూచుని చెప్పినవాడు కూడా నెగ్గేవాడే! ఒక అంచనా ఎన్నిసార్లు నిజమయిందని కాదు చూడవలసింది. ఏమీ తెలియనివాడు గుడ్డిగా చెప్పినదానికంటె ఎన్నిసార్లు ఎక్కువ నిజమయింది? ఈ ప్రశ్న స్టాక్ మార్కెట్ జ్యోతిష్కులకీ వర్తిస్తుందని వేరే చెప్పనక్కరలేదు. 2002 తరవాత ఆ నమూనాని పక్కన పెట్టి, తక్కువ సూచికలతో కొత్తవి కట్టారు. 2009 ఏప్రిల్‌లో 96 శాతం అన్నారు, పడింది 78. 2021 నించి సముద్రాన్నీ గాలినీ కలిపి కంప్యూటరులో నడిపే అనేక నమూనాలని జోడించి, లోటుకి ఎంత అవకాశం, మామూలుకి ఎంత, అధికానికి ఎంత అని పంచి చెబుతున్నారు. ఇది మంచి మార్పు. ఒక్క అంకె కంటె ఈ పంపకం నిజాయితీ గలది. కాని మన పత్రికలు శీర్షికలో ఒక్క అంకే వేస్తాయి.

ఎల్ నీన్యో వస్తే కరువు ఖాయమా? కాదు. దానికీ మన నైరుతి వానకీ సహసంబంధం సుమారు మైనస్ అర. ఆ అంకెని వర్గం చేస్తే నాలుగో వంతు. అంటే వానలో ఏటేటా వచ్చే తేడాల్లో ఎల్ నీన్యో చెప్పగలిగింది ఓ పావు భాగమే. 1997లో గత శతాబ్దపు బలమైన ఎల్ నీన్యోల్లో ఒకటి వచ్చింది, వాన మాత్రం సగటుకి తగ్గలేదు. ఆ ఏడు హిందూ మహాసముద్రంలో పడమటి వైపు వేడెక్కి తూర్పు వైపు చల్లబడింది, అది మనకి కలిసొచ్చిందంటారు. ఈ జంటధ్రువపు వరసని 1999లో గుర్తించి పేరు పెట్టారు. అన్నిటికంటె మన నెల్లూరు, చిత్తూరు వాళ్ళు తెలుసుకోవలసింది మరొకటి. నైరుతిని తగ్గించే ఎల్ నీన్యో, అక్టోబరు తరవాత వచ్చే ఈశాన్య వానని పెంచే వైపు మొగ్గుతుంది. 2015లో నైరుతి 86 శాతం దగ్గరే ఆగింది. నవంబరులో నెల్లూరు వరదలో ఉంది. నెల్లూరుకి ఏడాది వానలో సగం పైన ఈశాన్యంలోనే పడుతుంది. కాబట్టి ఒకే వార్త ఆదిలాబాదు రైతుకీ నెల్లూరు రైతుకీ ఒకే అర్థం ఇవ్వదు.

ఇంకొక్క మాట. యాభై ఏళ్ళ రికార్డు చూసి రేపటిని చెప్పడంలో, రేపు నిన్నటిలాగే ఉంటుందన్న నమ్మకం దాగి ఉంది. ఆ నమ్మకం సడలుతోంది. మధ్య భారతంలో 1951 నించి 2000 వరకు రోజువారీ వానలు పరిశీలించి గోస్వామి, ఆయన సహచరులు 2006లో సైన్స్ పత్రికలో రాశారు. ఒక్క రోజులో వంద మిల్లీమీటర్లు దాటే కుంభవృష్టులు పెరుగుతున్నాయి, ఓ మోస్తరు వానలు తగ్గుతున్నాయి, మొత్తం మాత్రం చెప్పుకోదగ్గంతగా మారలేదు. మళ్ళీ అదే కథ చూడండి. సగటు కదలకుండా కూచుంది, దాని కింద పంటకి పనికొచ్చే వాన కరిగిపోతోంది.

ఇక బీమా. 2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో వేరుశనగ, ఆముదం రైతులకి వాన సూచీ బీమా పెట్టారు, భారతదేశంలో ఇలాంటిది అదే మొదలు. పంట పోయిందా లేదా అని చూడరు, ఫలానా మాపకంలో ఫలానా రోజుల్లో ఇన్ని మిల్లీమీటర్ల కంటె తక్కువ పడితే డబ్బిస్తారు. తనిఖీలూ, సిఫార్సులూ అక్కరలేదు కాబట్టి ఖర్చు తక్కువ, డబ్బు త్వరగా వస్తుంది. కాని శాంతాక్రజ్, కొలాబా గుర్తుందా? మాపకం మీద వాన పడి మీ పొలం మీద పడకపోతే పైసా రాదు. మీ వాళ్ళు ఇలాంటి బీమా కట్టేముందు అడగవలసిన మొదటి ప్రశ్న ప్రీమియం ఎంతని కాదు, మాపకం ఎంత దూరంలో ఉందని.

మరి మనం ఇక్కడ కూచుని ఏం చెయ్యగలం? ఈసారి ఫోన్ చేసినప్పుడు "వానలెలా ఉన్నాయి" అని ఊరుకోకుండా ఇంకో మూడు ప్రశ్నలు వెయ్యండి. ఈ కార్తెలో ఎన్ని రోజులు వాన పడింది? వాన రోజంటే వాతావరణ శాఖ లెక్కలో కనీసం 2.5 మిల్లీమీటర్లు పడాలి. ఆఖరి పదునైన వాన పడి ఎన్నాళ్ళయింది? మన మండలంలో పదేళ్ళలో ఎన్నేళ్ళు ఈపాటికి విత్తడం అయిపోయింది? మీలో కంప్యూటరు పని వచ్చిన వాళ్ళు చాలామంది ఉన్నారు. 1901 నించి దేశంలో రోజువారీ వానని గళ్ళు గళ్ళుగా విడగొట్టిన సమాచారాన్ని పుణేలోని వాతావరణ శాఖ కార్యాలయం ఉచితంగా ఇస్తోంది. మీ ఊరు పడే గడిని తీసుకుని, జూన్ నించి సెప్టెంబరు దాకా వారం వారం ఎన్నేళ్ళు 20 మిల్లీమీటర్లు దాటిందో ఒక పట్టిక వెయ్యండి. ఒక శనివారం పని. అచ్చు తీసి ఊళ్ళో గోడకి అంటించమనండి. గడి అంటే పాతిక కిలోమీటర్ల పైన పొడవూ వెడల్పూ ఉంటుంది కాబట్టి అది మీ పొలం కాదని కింద రాయడం మరిచిపోకండి.

డబ్బు పంపేటప్పుడు కూడా ఇదే లెక్క. ఆరేళ్ళకొకసారి దేశానికే లోటు, మీ మండలానికి అంతకంటె తరచుగా లోటు తప్పదని తెలిసినప్పుడు, లోటు ఏడాదిని ఉపద్రవంగా కాక ఖర్చుల పద్దులో ఒక వరసగా చూడాలి. మంచి ఏడాదిలో కొంత పక్కన పెట్టించండి. విత్తనమంతా మొదటి వానకే చల్లకుండా కొంత ఆపమనండి. అనంతపురం వైపు వేరుశనగ సాళ్ళ మధ్య కంది వేసే అలవాటు ఉంది. వేరు లోతుకి దిగే కంది, వేరుశనగ ఎండిన ఏడాది కూడా ఎంతో కొంత చేతికిస్తుంది. గణాంక శాస్త్రం చదవని రైతు చేసిన గణాంక నిర్ణయం అది. నాలుగో బోరుకి అడిగినప్పుడు మాత్రం, "ఈ ఏడు ఎలాగూ పడుతుందిలే" అన్న మాట మీద డబ్బు పంపకండి. పోయినేడు పడలేదన్న ఒక్క కారణంతో ఈ ఏడు పడదు.

మఖలో పుట్టి పుబ్బలో పోయినట్టు ఈ మాటలు ఇక్కడే మరిచిపోకుండా, ఒకరిద్దరైనా ఆ పట్టిక వేస్తే సంతోషం. సందేహాలుంటే మన కార్యక్రమానికి రాయండి, తెలిసినంత మటుకు జవాబు చెబుతాను.